ఇల్లంతా పలికే ఫోను

వికారాబాద్‌లో మా బావమరిది కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం అయిన మర్నాడు చుట్టాలందరినీ వెంటేసుకుని గది గదికీ తిప్పుతూ పైకప్పులో దిగేసిన స్పీకర్లు చూపించాడు. ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే ఒకే పాట అన్ని గదుల్లో వస్తుందట. వచ్చింది కూడా. పాట సగంలో వాడికి ఫోన్ వచ్చింది, అలవాటుగా ఎత్తాడు. అంతే, వాళ్ల ఆఫీసరు గొంతు వంటింట్లో, పడకగదుల్లో, మెట్ల కింద, ఆఖరికి స్నానాల గదిలో కూడా ఒక్కసారే మోగింది. "ఒంట్లో బాగలేదని సెలవు పెట్టినవు, డాక్టర్ దగ్గరికి పోయినవా లేదా?" మా వాడు ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరుగు తీశాడు. ఎంత దూరం పోతే ఏం లాభం, గొంతు ఇంట్లోనే ఉండిపోయింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నాకు తాండూరు సేటు గుర్తొచ్చాడు.

సేటు పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. పేరు రాయను. తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉన్న ప్రతివాణ్ణీ సేటు అనే పిలుస్తారు, ఈయనా అలాంటి సేటే. యాలాల్ దగ్గర పొలాలున్న కుటుంబం. ఊరివాళ్లకు పటేలు, బజారువాళ్లకు సేటు. నేను తాండూరు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఆయన ఇంటి పైపోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. వారమంతా అక్కడ, ఆదివారం వికారాబాద్‌లో పెళ్లాం పిల్లల దగ్గర. రైలెక్కితే పెద్ద దూరమేం కాదు గానీ, ఆ రైళ్లు మా కాలేజీ గంట చూసుకుని నడవవు కదా.

ఆ ఇంట్లో స్పీకర్లు పెట్టించింది కలబురగిలో ఉండే చిన్నల్లుడు. అత్తగారు ఏ గదిలో పని చేసుకుంటున్నా భక్తి పాటలు వినాలని ఆయన కోరిక. హాల్లో టీవీ కింద సేటు ఫోనుతో కలిపిన నల్లటి పెట్టె, అక్కడి నుంచి ప్రతి గదికీ తీగ, తీగ చివర స్పీకరు. వరండాలో ఒకటి, నా గదిలో కూడా ఒకటి. నన్నెవరూ అడగలేదు. మీట మాత్రం కిందే ఉండేది.

పెట్టిన రెండో రోజో మూడో రోజో, పాట నడుస్తుండగా సేటుకు ఫోన్ వచ్చింది. మా బావమరిదికి జరిగిందే జరిగింది. కాకపోతే సేటు పరుగు తీయలేదు. హాలు మధ్యలో నిలబడి, తల పైకెత్తి, పైకప్పు నుంచి వస్తున్న మాట చివరిదాకా విన్నాడట. విని, ఫోన్ చేసిన వాణ్ణి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడట. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన ఇంట్లో ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగా చూసినవాళ్లు లేరు.

ఎందుకని ఒకసారి అడిగాను. చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద సభలో చెప్పినట్టు చెప్పాడు.

"చెవి కాడ పెట్టుకుంటే ఒక్కనికే వినొస్తది సార్. ఇంటికొచ్చిన ఫోను ఇంట్లున్నోళ్లందరికి వినరావాలె గద. గదేమన్న దొంగ ముచ్చటనా?"

అలా అది ఆ ఇంటి రివాజు అయిపోయింది. ఫోన్ చేసేవాళ్లే జాగ్రత్త పడటం నేర్చుకున్నారు. కొడంగల్‌లో ఉన్న పెద్ద బిడ్డ ముందు "నాయినా, ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగేది. ఆయన వరసగా పేర్లు చదివేవాడు. పైన సారున్నడు, వాకిట్ల బండోళ్లున్నరు, ఎదురింటి ఖాలా, అంటే వీధంతా పిన్నీ అన్నట్టు పిలుచుకునే ముస్లిం ఆవిడ, వచ్చింది. ఆ అమ్మాయి ఒక నిట్టూర్పు విడిచి "అందరికి నమస్తే" అని, వానలు ఎట్లున్నయో అడిగి పెట్టేసేది. అత్తగారి మీద చెప్పుకోవాల్సిన సంగతులన్నీ, తల్లి కొడంగల్ వచ్చినప్పుడే ఆ అమ్మాయి చెప్పుకునేదట. నేను మంచం మీద పేపర్లు దిద్దుకుంటూ, ఎవరికి కందులు తడిశాయో, ఎవరి లారీ ఎక్కడ ఆగిందో, ఎవరి వియ్యపురాలు ఎవరితో మాట్లాడటం మానేసిందో వింటుండేవాణ్ణి. వినాలని కాదు, తప్పించుకునే దారి లేక.

ఒకసారి మర్పల్లి నుంచి ఒకాయన సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. సేటు తమ్ముడి కూతురికి, ఈ మర్పల్లి ఆయన అన్న కొడుకు. చాయ్ తాగుతున్నారు. సరిగ్గా అప్పుడే సేటు బావ ఒకాయన ఫోన్ చేశాడు. సేటు ఎత్తాడు. పైకప్పు మాట్లాడింది.

"బావా, మర్పల్లోళ్లు వస్తరంట గద. నా మాట వినుండ్రి, గా పెద్దమనిషి నోరు తెరిస్తే అన్ని అబద్ధాలే. పిల్లగాని నౌకరి గిట్ల చెప్తడు, నమ్మకుండ్రి."

మర్పల్లి ఆయన చాయ్ కప్పు గాల్లోనే ఆగిపోయింది. నేను మెట్ల మీద నుంచి చూస్తున్నాను. ఇంకెవరైనా అయితే ఫోన్ కట్ చేసేవారు. సేటు ఏ మాత్రం తొణకలేదు.

"ఆయన ఈడనే కూసున్నడు బావా. నౌకరి ముచ్చట ఆయననే అడుగు. ఇద్దరు ఉన్నప్పుడే తేలాలె."

తేలింది. పావుగంట సేపు ఇల్లంతా మార్మోగేలా ఇద్దరూ వాదించుకున్నారు. పిల్లవాడికి నౌకరీ ఉంది గానీ ఇంకా ఖాయం కాలేదని బయటపడింది. ఆ పెళ్లి జరిగింది కూడా. మర్పల్లి ఆయన ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, కూర్చోబోయే ముందు పైకప్పు వైపు ఒకసారి చూసేవాడు.

సేటుకు ఇంకొన్ని చేష్టలుండేవి. ప్రశ్న ఆయనే అడిగి జవాబూ ఆయనే చెప్పుకునేవాడు. "తిన్నరా సార్? తిన్నరు. కాలేజికి పోతున్నరా? పోతున్నరు." ఎదుటివాడికి మాట్లాడే వంతు ఇచ్చేవాడు కాదు. ఎవరొచ్చినా వెలుతురు వాళ్ల మొహం మీద పడేలా కుర్చీ జరిపి కూర్చోబెట్టేవాడు. కరెంటు పోతే మాట్లాడటం ఆపేసి పనున్నట్టు వాకిట్లోకి పోయేవాడు. నేను ఇదంతా పెద్దరికం, సేటు దర్జా అనుకున్నాను.

ఒకరోజు ఆయన యూనిట్ చూడటానికి పోయాను. కోత మిషన్లు, పాలిష్ మిషన్లు అన్నీ ఒక్కసారే నడుస్తుంటే నా మాట నాకే వినపడలేదు. అక్కడ ఎవరూ నోటితో అరవరు. వేళ్లతో కొలతలు చెప్పుకుంటారు, అరచేయి తిప్పితే పాలిష్, బొటనవేలు కిందికి దించితే నీళ్లు ఆపమని. మిగిలిన మాటలు పెదాలు పెద్దగా కదిపి చెప్పుకుంటారు, చదివేస్తారు. ఆ హోరులో సేటు మరో మనిషి. ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతున్నాడు, ఎవరో చెప్పింది విని మందలిస్తున్నాడు. ఇంట్లో ఉన్నంత బిగుసుకుని లేడు. పగులు లేని బండను తడితే గంటలా మోగుతుందట, పగులున్నది మొద్దుగా పలుకుతుందట. మిషన్లకు దూరంగా, బయట దొంతర దగ్గర పనివాడు తడుతున్నప్పుడు మిగతావాళ్లు మెడ వంచి విన్నారు. సేటు మాత్రం బండ మీద అరచేయి ఆనించాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ మిషన్ల మధ్యే ఆయన వినికిడి పోయింది. ఫోను ఇల్లంతా ఎందుకు పలుకుతుందో కూడా అర్థమైంది. అందరి కోసమని చెప్పిందంతా, తన ఒక్కడి కోసం.

నేను తెలుసుకున్నట్టు ఆయనకు తెలియనివ్వలేదు. వీధిలో చాలామందికి తెలుసనీ, వాళ్లూ తెలియనట్టే ఉంటారనీ మెల్లగా గమనించాను. ఇంటామెకు తెలుసా అంటే, ఆమె మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడేది. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి. సన్నటి గొంతు ఆమెది, పక్కగదిలోకి కూడా వచ్చేది కాదు.

ఆ ఏడు పెద్దమ్మకు రొమ్ములో గడ్డ కనిపించింది. హైదరాబాద్ తీసుకుపోయి పరీక్ష చేయించారు. ముక్క తీసి పంపాం, ఫలానా రోజు మధ్యాహ్నం ఏ సంగతీ ఫోన్‌లో చెబుతామన్నారు. సేటు తన నంబరే ఇచ్చి వచ్చాడు. ఇచ్చినప్పుడు ఆలోచించలేదు. ఇంటికొచ్చాక ఆలోచించాడు. డాక్టరు ఫోన్ చేస్తే ఆ మాట హాల్లోనూ పలుకుతుంది, వంటింట్లోనూ పలుకుతుంది. పెద్దమ్మ వంటింట్లో ఉంటుంది. మంచి మాటైతే సరే. కాకపోతే, కూర కలుపుతున్న మనిషికి పైకప్పు ఆ మాట చెబుతుంది. పెట్టె ఆపి చెవి దగ్గర పెట్టుకుంటే ఆయనకు ఒక్క ముక్క వినపడదు. బిడ్డలకు నంబరిస్తే ముందు ఏడుస్తారు, ఆ తర్వాత అమ్మకు చెబుతారు.

సెలవురోజు మధ్యాహ్నం ఆయన మెట్లెక్కి నా గదికి వచ్చాడు. నేనక్కడున్న అన్నేళ్లలో ఆయన పైకి రావడం అదే మొదలు. "తిన్నరా" అని అడగలేదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"డబ్బ బంద్ చేసిన. నాకు ఫోన్ల వినొస్తలేదు సార్," అన్నాడు. "ఇప్పుడు డాక్టరమ్మ చేస్తది. జర మీరు వినుండ్రి."

వినొస్తలేదన్న ఆ మాట అనడానికి ఆయనెంత కష్టపడ్డాడో మొహంలో కనిపించింది. నేను తెలియనట్టు "అట్లనా" అన్నాను.

ఫోన్ వచ్చింది. అవతల చిన్నవయసు డాక్టరు. చెప్పాల్సింది నెమ్మదిగా, విడమరిచి చెప్పింది. నేను "సరే మేడమ్, సరే మేడమ్" అంటూనే ఉన్నాను. సేటు కళ్లు నా మొహం మీదే. ఫోన్ పెట్టేశాక ఎలా చెప్పాలో తెలియలేదు. కాగితం మీద రాసిద్దామంటే ఆయనకు చదవడం రాదు, గట్టిగా చెబితే తప్ప వినపడదు. గట్టిగా చెబితే కింద వాకిట్లో కందులు చెరుగుతున్న పెద్దమ్మకు వినపడుతుంది. పెదాలు కదిపి చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ మీసాలల్ల మాట కనవడ్తలేదు," అన్నాడు. నా చేతిలోని ఫోన్ తీసుకుని, "యూనిట్‌కు పోదాం రాండ్రి," అన్నాడు.

స్కూటర్ మీద వెనక కూర్చుని పోయాను. సెలవురోజైనా మిషన్లు నడుస్తున్నాయి. రాళ్ల దొంతరల వెనక్కి తీసుకుపోయి, నన్ను భుజాలు పట్టి తిప్పి, నా మొహం బండల వైపుకు పెట్టాడు. వీపు పనివాళ్ల వైపు. అక్కడ ప్రతివాడూ పెదాలు చదవగలడు, అందుకు. ఆయన బండలకూ నాకూ మధ్య నిలబడి, నా మీసాలు రెండు వేళ్లతో పైకి ఎత్తిపట్టుకున్నాడు. ఎవరైనా చూస్తే నవ్వాల్సిన దృశ్యమే. నేను గొంతు తెరిచే మాట్లాడాను, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? గడ్డ చెడ్డదని చెప్పాను. తొందరగా కోసి తీసేయాలని చెప్పాను. ముందే దొరికింది గనక బతికించగలమని డాక్టరు అన్న మాట రెండుసార్లు చెప్పాను.

"బతుకుతది అన్నదా? ఆమెనే అన్నదా, మీరు అంటున్నరా?" నా చెవికి నోరు ఆనించి అడిగాడు.

"ఆమే అంది."

ఆయన మీసాలు వదిలేశాడు. కాసేపు పక్కనున్న బండ మీది తడిని అరచేత్తో తుడుస్తూ నిలబడ్డాడు. "ఎవ్వలకు చెప్పకుండ్రి సార్. దానికి నేనే చెప్త, నా లెక్కన," అన్నాడు. నేను చెప్పనని మాటిచ్చాను.

సాయంత్రం ఆయన వీధి తలుపు వేశాడు, కిటికీలు వేశాడు. వేస్తున్న చప్పుడు నాకు పైకి వినపడింది. తర్వాత ఆయన గొంతు వినపడింది. తను గుసగుసలాడుతున్నాననే అనుకున్నాడు ఆ మనిషి. గుసగుస ఎంత మెల్లగా ఉండాలో తెలియడానికి తన గొంతు తనకు వినపడాలి కదా. ప్రతి మాటా వీధి చివరిదాకా పోయింది.

"గడ్డ మంచిది కాదంట. కోస్తరంట. ఫికర్ చెయ్యకు, బతుకుతవని డాక్టరమ్మ చెప్పింది. నాకు భయమైతుందే. నాకు వినొస్తలేదు, నీకెరుకేనా? శానా ఏండ్లాయె. బిడ్డల మాట గూడ వినొస్తలేదు. నువ్వు ఎదురుంగ నిలవడి చెప్తె అదొక్కటి తెలుస్తది నాకు. నువ్వు పోతే నాతోని ఎవ్వలు మాట్లాడ్తరే?"

తర్వాత ఏడ్చాడు. అది కూడా చిన్నగా ఏడుస్తున్నాననే అనుకుని ఉంటాడు. పెద్దమ్మ ఏమందో ఎవరికీ వినపడలేదు. ఎదురింట్లో ఖాలా టీవీ సౌండు ఒక్కసారిగా పెంచింది. అప్పటిదాకా ఆ ఇంట్లో టీవీ నడవడం లేదు. పక్కింటివాళ్లు బోరు మోటారు వేశారు. నేను లేచి ఫ్యాను ఆఖరి నంబరుకు తిప్పాను. ఎవరికి చేతనైనంత చప్పుడు వాళ్లు చేశాం.

విని ఊరుకుంటే బాగుండేది. తెల్లారేసరికి వీధి ఊరుకోలేకపోయింది. ఖాలా ఖిచిడీ గిన్నె పట్టుకుని వచ్చి పెద్దమ్మను కావలించుకుంది. "పరేషాన్ కాకు ఆపా, అల్లా ఉన్నడు. మా చెల్లెకు గిట్లనే అయింది, ఇప్పుడు మంచిగుంది," అంది. పక్కింటివాళ్లు గుడి నుంచి విభూతి తెచ్చారు. కిరాణా ఆయన సేటు చేతులు పట్టుకుని, గట్టిగా, మొహంలో మొహం పెట్టి, "మేమున్నం సేట్" అన్నాడు. అందరూ కావాలని ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి మాట్లాడారు. మంచివాళ్లే, కానీ దాచడం రాలేదు.

సేటు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి మొహం వేరేగా ఉంది.

"వీళ్లందరికి ఎట్ల తెలిసింది సార్? యూనిట్ల ఎవ్వడు చూడలె, మీ మొహం నేనే బండల దిక్కు తిప్పిన. ఇంట్ల దానికి చెప్పిన, అది గూడ తలుపులేసి, చెవిల చెప్పినట్టు చెప్పిన. నాకు వినరాదని గూడ అందరికి ఎరుకైంది. ఆ రెండు ముచ్చట్లు బయటోళ్లల్ల మీకొక్కరికే తెలుసు."

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. చెవిలో చెప్పినట్టు చెప్పానన్న ఒక్క మాట తప్ప. ఆ మాట నేను సరిదిద్దొచ్చు. సరిదిద్దితే, భార్య ముందు తాను ఏడ్చిన ఏడుపు కూడా వీధి విన్నదని తెలుస్తుంది. అంతకంటే నామీద కోపం చిన్నదనిపించింది నాకు. పెద్ద త్యాగమని కాదు, ఆ క్షణంలో అదే తేలికగా కనిపించింది.

"నేనే చెప్పాను సేట్," అన్నాను. మీసాలు నేనే పైకి పట్టుకుని, పెదాలు బాగా కదిపి మరీ చెప్పాను. "ఖాలాతో అన్నాను. నోరు జారింది."

ఆయన నన్ను తిట్టలేదు. "సదువుకున్న మనిషని నమ్మిన," అని దిగి వెళ్లిపోయాడు. మెట్ల కింద పెద్దమ్మ నిలబడి ఉంది. నేనన్నది ఆమె విన్నది. తలెత్తి నా వైపు చూసి లోపలికి పోయింది.

ఆపరేషన్ జరిగింది. పెద్దమ్మ జుట్టు పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ వాకిట్లో కందులు చెరగడం మొదలుపెట్టింది. సేటు నాతో మాట్లాడలేదు. అద్దె ఇస్తే తీసుకునేవాడు, నమస్తే పెడితే తల ఊపేవాడు. నాకు వికారాబాద్ బదిలీ అయి సామాను దించుతున్న రోజు ఆయన ఉదయమే యూనిట్‌కు వెళ్లిపోయాడు. అప్పుడు నాకు నిజంగా బాధేసింది. పోయి చెప్పేద్దామా అనుకున్నాను. లారీ ఎక్కేశాను.

ఈ ఏడు సేటు గుండె ఆగి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పోయాడు. పదో రోజుకు పోయాను. పెద్దమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. చుట్టాలు అటు పోయాక నన్ను దగ్గరికి రమ్మంది.

"మీరెందుకట్ల చెప్పిన్రో నాకెరుకనే సార్," అంది, అదే సన్నటి గొంతుతో. "ఆయనకు చెప్పాలెనని మస్తుసార్లు నోటిదాక వచ్చింది. చెప్తె, గా ఏడ్సింది అందరు విన్నరని ఎరుకైతుండె. అందుకే మీ మీద కోపం అట్లనే ఉండనిచ్చిన. నన్ను ఏమనుకోకుండ్రి."

"మంచి పని చేసిన్రు పెద్దమ్మా," అన్నాను. ఉండబట్టలేక, "నన్నెప్పుడన్నా తలుచుకున్నాడా?" అని అడిగాను.

"తలుసుడేంది సార్, రోజు తలుస్తుండె. పైకి కొత్తగా కిరాయికొచ్చిన పిల్లలకు గూడ చెప్తుండె." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. "'గా సారు శానా మంచోడు. గానీ ఆయన నోట్ల ఒక్క మాట దాగది' అంటుండె."